తలుపులున్న గది కోసం

ఉప్పల్ మెయిన్ రోడ్డు మీద ఒక గోడకు సగం స్పీకరు మిగిలింది. మెట్రో పిల్లర్ల కోసం రోడ్డు వెడల్పు చేస్తూ దుకాణాల ముందు భాగాలన్నీ కొట్టేశారు. మొన్న షేర్ ఆటోలో ఇరుక్కుని రామంతాపూర్ వైపు వెళ్తుంటే కనిపించింది. నీలం రంగు గోడ మీద పసుపుతో వేసిన పెద్ద గుండ్రటి స్పీకరు బొమ్మ నిలువునా తెగిపోయి ఉంది. మిగతా సగం కింద ఇటుకల కుప్పలో కలిసిపోయింది. ఆటో ఆగలేదు. నేను మెడ తిప్పి చూసేలోపు ముందు లారీ అడ్డం వచ్చింది.

అది ఆమె వాళ్ళ నాన్న దుకాణం. ఆమె పుణె వెళ్ళిపోయి చాలాకాలమైంది. కొత్తలో ఫోన్ చేసేది. తరవాత నంబరు మారింది. ఇక్కడ ఆమె పేరు రాయడం లేదు. రాయనా అని అడగడానికి ఆమె ఎక్కడుందో నాకు తెలియదు.

మేమిద్దరం నాచారంలో ఒకే ఆఫీసులో పనిచేశాం. పరాయి దేశపు డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటల్ని హెడ్‌ఫోన్లలో విని టైపు చేయడం మా పని. కాలి కింద ఒక పెడల్ ఉంటుంది. నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే నోరు మూస్తాడు. తెల్లారకముందే కంపెనీ వ్యాన్ వచ్చి తీసుకెళ్ళేది కాబట్టి మధ్యాహ్నానికల్లా షిఫ్టు అయిపోయేది. నేను ఇంటికెళ్ళి అన్నం తిని పుస్తకం పట్టుకునే మనిషిని. ఆమెకు అప్పుడే రోజు మొదలయ్యేది.

ఆమె కూర్చుని ఉండగా చూసింది ఆఫీసులోనే. అక్కడ కూడా పెడల్ లేని కాలు ఊరికే ఆడుతూ ఉండేది. క్యాంటీన్లో నిలబడి తినేది. బస్సులో సీటు ఖాళీ ఉన్నా కడ్డీ పట్టుకుని నిలబడేది. ఎప్పుడూ సోంపు నములుతుండేది. హ్యాండ్‌బ్యాగులో అద్దం, దువ్వెన ఉండేవి కావు. ఒక టెస్టరు, నల్ల ఇన్సులేషన్ టేపు చుట్ట, వాళ్ళ నాన్న సౌండ్ సర్వీసు కార్డులు ఉండేవి.

నాతో మొదటిసారి మాట్లాడింది ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో. నేను టేబుల్ కింద పుస్తకం పెట్టుకుని చదువుకుంటున్నాను. వచ్చి ఎదురుగా నిలబడింది.

"నువ్వు మాట్లాడవ్ గదా?" అంది.

నేను అవునన్నట్టు చూశాను.

"గట్లాంటోళ్ళే గావాలె నాకు. ఎవర్ని దీస్కపోయినా ముచ్చట వెడ్తరు, నాకు ఇనబడదు. నడువ్."

ఎక్కడికి అని అడగలేకపోయాను. రెండు బస్సులు మారాక బేగంపేటలో దిగాం. ఒక పెద్ద భవనం పక్క సందులోంచి నడిపించుకుని వెళ్ళింది. అది పబ్బు అని లోపలికి వెళ్ళేదాకా నాకు తెలియదు. గేటు దగ్గర కాపలా మనిషికి కార్డు చూపించి, సౌండ్ చెక్ చేయడానికి వచ్చామంది. అతను కార్డు వైపు ఓసారి, నా రెండు జడల వైపు ఓసారి చూసి పక్కకు జరిగాడు.

రాత్రి మెరిసే చోట్లు మధ్యాహ్నం ఎలా ఉంటాయో చాలామందికి తెలియదు. ట్యూబులైట్లు వెలుగుతుంటాయి. కుర్చీలు టేబుళ్ళ మీద తిరగబడి కాళ్ళు పైకి పెట్టుకుని ఉంటాయి. ఫినాయిలు వాసన కింద నిన్నటి సిగరెట్ల వాసన. వెయిటర్లు లుంగీల్లో కూర్చుని పప్పన్నం తింటుంటారు. గోడల మీద తడి మచ్చలు కనిపిస్తాయి. ఆమె అవేవీ చూడలేదు. హాలు మధ్యకు వెళ్ళి నిలబడి ఒకే ఒక్క చప్పట కొట్టింది. తల ఎడమ పక్కకు వంచి, కళ్ళు సగం మూసి వింది. తరవాత వెనక గోడ దగ్గరకు వెళ్ళి అరచేయి ఆనించింది.

"గిది గాదు. పా."

అంతే. రోడ్డు మీదికి వచ్చేశాం. ఆమె అప్పటికే తరవాతి బస్సు కోసం మెడ చాచి చూస్తోంది. దీనికోసమా రెండు బస్సులు మారాం అని అడగాలని నోటిదాకా వచ్చింది. కానీ నన్ను తీసుకొచ్చింది మాట్లాడనని.

ఆ సంవత్సరం అంతా అలాగే తిరిగాం. బేగంపేట, సోమాజిగూడ, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, సికింద్రాబాద్. ఈ నగరంలో పబ్బులన్నీ చూసి, ఒక్కదాన్నీ తెరిచి ఉండగా చూడనివాళ్ళం బహుశా మేమే. చీకటి పడేలోపు ఇద్దరం నాచారం చేరాలి. మా అమ్మకు నేను కోఠీలో పుస్తకాల కోసం తిరుగుతున్నానని నమ్మకం. వాళ్ళింట్లో ఆమె ఓవర్‌టైమ్ చేస్తోందని నమ్మకం.

గదుల గురించి ఆమెకు సొంత మాటలుండేవి. కొన్ని గదులు మింగుతాయట, ఎంత పాట పోసినా తాగేసి ఊరుకుంటాయి. కొన్ని కక్కుతాయట, వేసిన ప్రతి దెబ్బనూ ముఖం మీదికి తిప్పి కొడతాయి. బంజారాహిల్స్‌లో అద్దాల గోడలున్న ఒక చోట చప్పట కొట్టి, "గిది ఉత్తగనే నవ్వుతదే" అంది. నాకు తేడా వినిపించేది కాదు. అయినా రాత్రి డైరీలో ఏ గది ఏం చేసిందో రాసుకునేదాన్ని. నేను డైరీ రాస్తానని తెలిసి ఆటపట్టించేది. "మీ కోస్తోళ్ళు అన్నీ రాస్తరే, ఇనరు" అనేది. మా నాన్న గుంటూరు వైపు నుంచి గుమస్తా ఉద్యోగానికి వచ్చినవాడు, వాళ్ళది జనగామ వైపు. నేను "వచ్చాడండీ" అంటే ఆ అండీని పట్టుకుని సికింద్రాబాద్ దాకా సాగదీసేది.

ఎప్పుడూ గంభీరంగా జరిగేది కాదు ఆ వ్యవహారం. ఒకసారి దూరం పోయే టైము లేక ఉప్పల్ డిపో దగ్గర ఒక ఫ్యామిలీ బార్‌లోకి తీసుకెళ్ళింది. పచ్చ లైట్లు, చేపల తొట్టి, కర్టెన్లు వేసిన క్యాబిన్లు. ఆమె మామూలుగా మధ్యలో నిలబడి చప్పట కొట్టింది. నాలుగు పక్కల నుంచి నలుగురు వెయిటర్లు పరుగెత్తుకొచ్చారు. ఒక క్యాబిన్ కర్టెన్ తొలగించి ఒక పెద్దాయన తల బయటపెట్టి, ముందు నేను పిలిచిన బిడ్డా, నాకు పల్లీలు రావాలె అన్నాడు. ఆమె తొణకలేదు. ఆయన పల్లీలు తెమ్మని వెయిటరుకు చెప్పి, గోడకు చేయి ఆనించి, పా అంది. బయటికొచ్చి డిపో గోడ పట్టుకుని కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వింది.

ఎందుకు తిరుగుతుందో నాకు చాలా నెలలు తెలియలేదు. ఒకరోజు బస్సులో చెప్పింది, కిటికీలోంచి బయటికి చూస్తూ, వేరెవరి సంగతో చెప్తున్నట్టు.

వాళ్ళ నాన్న పెళ్ళిళ్ళకు, వినాయకుడి మండపాలకు, బోనాలకు స్పీకర్లు పెట్టేవాడు. బరాత్ అంటే పెళ్ళి ఊరేగింపు; డీసీఎం వ్యాను నిండా స్పీకర్లు, వాటి మధ్య చిన్న బల్ల, బల్ల మీద పాటలు వేసే మిషను. చిన్నప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చుని పాటలు వేసింది ఆమే. ఏ పాట తరవాత ఏ పాట వేస్తే పెళ్ళికొడుకే గుర్రం దిగి ఆడతాడో ఆమెకు తెలుసట. బస్తీ అంతా డీజే పిల్ల అని పిలిచేవాళ్ళు. ఆమె పెద్దమనిషి అయ్యాక వచ్చిన మొదటి పెళ్ళి బేరానికి వాళ్ళ నాన్న, ఇగ దిగు బిడ్డా అన్నాడు. ఆమె జాగాలో బాబాయి కొడుకును కూర్చోబెట్టారు. కోప్పడలేదు, కొట్టలేదు. దిగమన్నాడు, దిగింది. రోడ్డు మీద వందమంది చూస్తారు, చుట్టాలు చూస్తారు, అదొక్కటే కారణం.

"గందుకే తలుపులున్న రూము గావాలె నాకు," అంది. "లోపటున్నోళ్ళకు నేనెవరో తెల్వొద్దు. బయటోళ్ళకు నేను లోపటున్నట్టు తెల్వొద్దు. ఒక్కసారి జనం ముంగట వెయ్యాలె. గంతే."

అన్ని నెలల్లో ఆమె కాలు కదలకుండా ఉండడం అప్పుడే చూశాను.

ఆ గది సోమాజిగూడలో దొరికింది, నేలమాళిగలో. మెట్లు దిగి వెళ్ళాలి. చప్పట కొట్టి చాలాసేపు అలాగే నిలబడింది. గోడ దగ్గరకు వెళ్ళకుండానే, "గిది మింగదు, కక్కదు. ఇంటదే" అంది మెల్లగా.

అక్కడ పాటలు వేసే డీజే సికింద్రాబాద్ కుర్రాడు, నిద్ర చాలని కళ్ళతో మధ్యాహ్నాలు వచ్చి వైర్లు సర్దుకునేవాడు. కార్డు చూసి నిజంగానే రిపేరుకు వచ్చారనుకున్నాడు. ఒక స్పీకరు గరగరమంటుంటే ఆమె టేపుతో ఏదో చేసి సరిచేసింది. దాంతో అతనికి అభ్యంతరం లేకపోయింది. వారాల తరబడి మధ్యాహ్నాలు వెళ్ళాం. ఆమె అతని మిషన్ల ముందు నిలబడి చేతులు తిప్పుతుండేది, నేను తిరగబడ్డ కుర్చీ ఒకటి దించుకుని చదువుకునేదాన్ని. అప్పుడప్పుడు పాట మధ్యలో తల ఎత్తి నన్ను చూసేది. నేను బాగుందన్నట్టు తల ఊపేదాన్ని. నాకు సంగీతం ఏమీ తెలియదు. ఆమెకు కావలసింది ఎవరో ఒకరి ముఖం.

ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ కాలేజీ పిల్లలకు జామ్ సెషన్లని పగటిపూట డాన్సు పార్టీలు పెట్టేవారు. మందు ఉండదు, కూల్‌డ్రింకులే. మెట్ల దారికి నల్ల గుడ్డలు కట్టి పట్టపగలు రాత్రి చేసేవారు. ఇంట్లో ట్యూషన్ అని చెప్పి వచ్చే పిల్లలు. చున్నీలు బ్యాగుల్లో దాచుకుని, మళ్ళీ వెళ్ళేటప్పుడు కప్పుకునే ఆడపిల్లలు. ఒక ఆదివారం డీజే ఆమెతో, నేను బిర్యానీ తినొస్త, అందాక నువ్వు జూస్కో అన్నాడు. ఆమె సోంపు పొట్లం నా చేతిలో పెట్టి బల్ల వెనక్కి వెళ్ళింది.

మొదటి పాటకే తెలిసిపోయింది. గోడలకు ఆనుకున్న పిల్లలు కూడా మధ్యలోకి వచ్చేశారు. రెండో పాటలోంచి మూడోదానిలోకి ఎప్పుడు వెళ్ళిందో ఎవరికీ తెలియలేదు. జనం బల్లకు దగ్గరగా, ఇంకా దగ్గరగా వచ్చారు. వెలుతురు ఎర్రగా ఆమె ముఖం మీద పడుతోంది. ఆమె నన్ను చూడడం మానేసింది. అప్పుడు, పాట ఒక అంచు మీదికి ఎక్కుతుండగా, టక్కున ఆపేసింది.

బరాత్‌లో అలాగే ఆపుతారు. వ్యాను ముందుకు కదలాలి, ఆడేవాళ్ళు కదలనివ్వరు. అందుకని పాట ఆపేస్తారు. జనం ఓయ్ అని అరుస్తారు, ఈలలు వేస్తారు, పది అడుగులు నడుస్తారు. అప్పుడు ఆపినచోట నుంచి పాట రెట్టింపు జోరుతో మొదలవుతుంది. ఆ ఆపడం కోసమే చాలామంది బరాత్‌కు వస్తారని తరవాత చెప్పింది.

ఈ పిల్లలకు పబ్బులో పాట ఆగిందంటే ఒకటే అర్థం. ఒక్క క్షణం ఎవరూ కదలలేదు. తరవాత ఎవరో అబ్బాయి గొంతు, "పోలీస్" అంది. అంతే, చున్నీలు బయటికొచ్చి ముఖాలకు చుట్టుకున్నాయి. ఒకరినొకరు తోసుకుంటూ మెట్ల మీదికి పరుగెత్తారు. ఒక అమ్మాయి ఏడుస్తూ, మా డాడీకి చెప్పొద్దు అంకుల్ అని వెయిటరు చేయి పట్టుకుంది. బల్ల వెనక ఆమె కంగారుగా పాట మళ్ళీ మొదలుపెట్టింది. అయినా ఎవరూ ఆగలేదు. పాట నడుస్తుండగానే హాలు ఖాళీ అయిపోయింది. నేల మీద రెండు చెప్పులు, ఒక హెయిర్‌బ్యాండ్ మిగిలాయి. ఆమె ఆ పాటను ఆపలేదు. చివరిదాకా పోనిచ్చింది.

డీజే చేతిలో బిర్యానీ ప్లేటుతోనే వచ్చాడు. మేనేజరు అతని వెనకే వచ్చి ఇంకెప్పుడూ ఈ మెట్లు దిగొద్దని ఆమెకు చెప్పాడు, గొంతు పెంచకుండానే.

బస్సులో సీటు దొరికితే ఆ రోజు కూర్చుంది. బస్సు తార్నాక దాటింది. నేను సోంపు పొట్లం ఇవ్వబోతే వద్దంది.

"ఆపంగనే ఒర్లుతరనుకున్న," అంది. "ఉరుకుతరని అనుకోలె."

నేను ఏదో అనబోయాను.

"తలుపులుంటే భయముండదనుకున్ననే. ఆళ్ళు లోపటికొచ్చిన కాన్నుంచి భయంతోనే ఆడిన్రు. మస్తుగ ఆడుతున్నరని మురిసిన నేను. నా లెక్కనే ఉన్నరు అందరు."

మేనేజరు అక్కడితో ఊరుకోలేదు. ఆమె చూపించిన కార్డు మీద దుకాణం నంబరుంది. ఫోన్ చేసి, మీ సర్వీసు నుంచి వచ్చిన అమ్మాయి ఇలా చేసిందని చెప్పాడు.

మర్నాడు షిఫ్టు కాగానే నన్ను దుకాణానికి రమ్మంది. ఒక్కదాన్నే పోలేను అంది. ఆ మాట ఆమె నోట వినడం అదే మొదటిసారి. వాళ్ళ నాన్న బల్ల మీద ఒక యాంప్లిఫయరు పొట్ట విప్పి సోల్డరింగ్ చేస్తున్నాడు. నన్ను కూర్చోమని స్టూలు వైపు చూపించాడు. ఆమెను చూడలేదు.

"పాట యాడ ఆపినవ్?" అన్నాడు పొగలోంచి.

నేను తిట్లు పడతాయని తల దించుకుని ఉన్నాను. ఆమె కూడా ఆ ప్రశ్నకు సిద్ధంగా లేదు. అయినా చెప్పింది, పల్లవి మళ్ళీ ఎత్తుకోబోయే ముందు అని.

"జాగ మంచిదే," అన్నాడు. "కని ఆపి ఎటు నడిపిస్తవ్? మనం ఆపేది బండి ముంగటికి వోనీకి. నాలుగు గోడల నడుమ బండి యాడిది?"

"బండి మీదికెల్లి నువ్వే గద బాపూ దింపినవ్."

ఆయన చేయి ఆగింది. సోల్డరింగ్ కడ్డీ కొస నుంచి సన్నగా పొగ పైకి వెళ్తోంది. రోడ్డు మీద ఏదో బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆయన మళ్ళీ పనిలో తల దూర్చి, కార్డులు ఈడ వెట్టిపో అన్నాడు. ఆమె బ్యాగులోంచి కార్డులన్నీ తీసి బల్ల మీద పెట్టింది. ఆయన పోవద్దు అనలేదు, పొమ్మనీ అనలేదు. మేం మెట్లు దిగుతుంటే, ఆ టెస్టరు పాతదైంది, కొత్తది దీస్కో అని మాత్రం వెనక నుంచి అన్నాడు.

కార్డు లేకపోయేసరికి ఏ గేటూ తెరుచుకోలేదు. సౌండ్ చెక్ అనడం మానేసి, నేను పాటలేస్త, ఒక్కసారి వెయ్యనీయుండ్రి అని చెప్పడం మొదలుపెట్టింది. కాపలావాళ్ళు ఆమె వెనక ఎవరైనా మగమనిషి ఉన్నాడేమోనని చూసేవారు. ఉన్నది నేను. ఒకచోట పాడతావా అని అడిగారు, ఇంకోచోట డాన్సరు ఉద్యోగం లేదన్నారు. జూబ్లీహిల్స్ నుంచి ఎండలో నడిచి వస్తూ ఇక చాలు అన్నాను నేను. ఆమె నా మాట విననట్టు, తరవాతి సందులోకి తిరిగింది. అప్పటికి ఆమె గదుల్లో చప్పట కొట్టడం మానేసింది. లోపలికి వెళ్తే కదా కొట్టడానికి.

వానాకాలం అయిపోయాక సికింద్రాబాద్‌లో ఒక చోట ఒప్పుకున్నారు. అక్కడా ఆదివారం మధ్యాహ్నమే, కాలేజీ పిల్లలే. ఈసారి బిర్యానీ తినేంతసేపు కాదు, మధ్యాహ్నమంతా. శుక్రవారం క్యాంటీన్లో చెప్పింది. నేను ఏ బస్సులో వెళ్దాం అని అడిగాను.

"నువ్వు రాకు," అంది.

నా ముఖం చూసి ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నువ్వొస్తే నీ దిక్కే సూస్త. నీకు భయమైతుంటది, అది నాకు గూడ అయితది. తప్పువట్టకు పిల్లా."

తప్పు పట్టలేదు. కానీ ఆదివారం ఇంట్లో పుస్తకం తెరిచి ఒకే పేజీని చూస్తూ కూర్చోలేకపోయాను. బస్సెక్కాను. ఆ భవనం ఎదురుగా, రోడ్డుకు ఇవతల, మూసి ఉన్న కళ్ళద్దాల దుకాణం మెట్ల మీద నిలబడ్డాను. అటు వైపు పెద్ద చెక్క తలుపు, పక్కన స్టూలు మీద కాపలా మనిషి. ఆడపిల్లలు ఆటోల్లో దిగి, అటూ ఇటూ చూసి, గబగబా లోపలికి వెళ్ళిపోతున్నారు.

పాట వినిపించలేదు. గోడ దాటి దరువు ఒక్కటే వస్తోంది. అది కూడా చెవికి కాదు, నిలబడ్డ మెట్టుకు. ఒక పాట పోయి ఇంకో పాట వచ్చిందని దరువు మారితేనే తెలుస్తోంది. అది ఆమె వేస్తున్నదో వేరెవరో వేస్తున్నారో కూడా తెలియదు. ఎంతసేపు నిలబడ్డానో కాళ్ళు లాగుతున్నాయి.

దరువు ఆగిపోయింది.

ఆమే. నాలుగు గోడల మధ్య ఆపొద్దని వాళ్ళ నాన్న చెప్పాడు కదా, అంతా చూసి కూడా మళ్ళీ ఎందుకు ఆపింది. కాపలా మనిషి కూడా గమనించాడు. లేచి నిలబడి, టోపీ సర్దుకుని, లోపలి నుంచి రాబోయే జనం కోసం తలుపు పిడి మీద చేయి వేశాడు. గోడ వెనక నుంచి మైకులో ఒక ఆడగొంతు వినిపించింది. రెండు ముక్కలో మూడు ముక్కలో, అంతే. అవేమిటో నాకు అందలేదు. తరవాత ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. గవి నీకు గాదు, లోపటోళ్ళకు అనేది.

అప్పుడు అరుపు వచ్చింది. పిల్లలంతా ఒకే గొంతుతో ఓయ్ అని అరిచిన అరుపు. దాని మీద దరువు పడింది, ముందుకంటే గట్టిగా.

కాపలా మనిషి తలుపు పిడి పట్టుకుని ఇంకొంచెంసేపు నిలబడ్డాడు. ఎవరూ బయటికి రాలేదు. పిడి వదిలేసి, స్టూలును నీడలోకి జరుపుకుని కూర్చున్నాడు.